పాత కారు, తుప్పు, పరువు

జూబిలీ హిల్సు, ఫిలిం నగరు వీధులలో కొత్త కార్లకు కొదువ లేదు. అయినను బండరాళ్ల నడుమ ఎక్కి దిగు ఆ రోడ్లమీద ఎప్పుడైన ఒక పాత ఫియట్టు గాని, స్టాండర్డు హెరాల్డు గాని సాగిపోవుచున్నచో, పెద్ద బండ్లవారే తల త్రిప్పి చూచెదరు. ఈ చిన్న కార్లను సాకువారి లోకములో పరువునకు ఒక ప్రత్యేకమైన కొలత కలదు. బండి ఎంత వేగముగా పోవునని వారు అడుగరు. ‘అడుగున రేకు ఎట్లున్నది?’ అని అడుగుదురు. ఆ ప్రశ్నకు వచ్చు జవాబునుబట్టి బండికే కాక, బండి యజమానికిని, బాగుచేసిన టింకరు మేస్త్రీకిని మంచిపేరో చెడ్డపేరో స్థిరపడును.

ఇంతకును ఈ తుప్పు ఎట్లు పుట్టును? ఇనుమునకు నీరును ప్రాణవాయువును రెండును తోడైననే తుప్పు పుట్టును. ఒకటి లేనిచో రెండవది ఏమియు చేయజాలదు. రేకుమీద నిలిచిన తడి పొర ఒక చిన్న బ్యాటరీవలె పనిచేయును. ప్రాణవాయువు సమృద్ధిగా అందుచోటు ఒక ధ్రువము, అందనిచోటు రెండవ ధ్రువము. ఇందులో చిత్రమేమనగా, హరించిపోవునది గాలి తగులు భాగము కాదు. బురద అంటిన అడుగున, అతుకుల సందున, లప్పము క్రిందను గాలి చొరని భాగమే హరించును. అందుచేతనే తుప్పు కంటికి కనబడునాటికి లోపల దాని పని చాలవరకు ముగిసియుండును. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుముకంటె కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును గనుక పైరంగు బుడగవలె పొంగును. మన వంటింటి అల్యూమినియము గిన్నెమీద పట్టు సన్నని పొర లోపలి లోహమును కాపాడును. ఇనుపతుప్పునకు ఆ గుణము లేదు. అది గుల్లగానుండి, మరింత తడిని పీల్చి నిలుపుకొనును.

‘పాతకాలపు ఇనుము వేరండీ’ అని కొందరు ఢిల్లీలోని ఇనుపస్తంభమును ఉదాహరింతురు. సుమారు పదునారు వందల ఏండ్లనుండి అది నిలిచియున్న మాట నిజమే. కాని అందులో భాస్వరము హెచ్చుగా నుండుటచేత పైని ఒక రక్షణపొర ఏర్పడినది. కారు రేకునకు అట్టి భాగ్యము లేదు.

ఉప్పు చేరినచో ఈ పని మరింత వేగముగా సాగును. ఉప్పునీరు విద్యుత్తును సులభముగా ప్రవహింపజేయుటయే ఇందుకు కారణము. తెలుగు చిత్రపరిశ్రమ చాలకాలము మద్రాసు సముద్రతీరమున వర్ధిల్లి, క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చిన సంగతి అందరెరిగినదే. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో 1970ల దశకములోను, డి. రామానాయుడుగారి స్టూడియో 1989లోను ఈ కొండలమీద వెలసినవి. సముద్రపుగాలిలో ఏండ్లతరబడి నిలిచిన బండికిని, దక్కను పీఠభూమి పొడిగాలిలో పెరిగిన బండికిని అడుగుభాగములో ఎంతో భేదముండును. మద్రాసుదైనను, విశాఖపట్టణముదైనను, కాకినాడదైనను, తీరపు బండి కొనబోవువాడు రెండుమారులు వంగి చూడవలసినదే.

బండి కట్టుబడిని కూడ గమనింపవలెను. బొంబాయిలో తయారైన ఫియట్టు 1100కును, దాని వారసురాలైన ప్రీమియర్ పద్మినికిని విడిగా చాసిస్ లేదు, రేకుశరీరమే ఎముకలగూడు. తలుపుల క్రింద ముందునుండి వెనుకకు పోవు పెట్టెవంటి దూలములే బరువు మోయును. అవి చివికినచో బండి నడుము వంగును, తలుపులు సరిగా పడవు, ప్రమాదములో లోపలివారికి రక్షణ తగ్గును. ఇటలీ శిల్పి మికెలొట్టి రూపము దిద్దిన హెరాల్డు 1961 నుండి మద్రాసులో తయారైనది. దానికి విడి చాసిస్ కలదు. పైరేకు పోయినను బండి నిలుచును. కాని ఆ చాసిస్‌నుండి ప్రక్కలకు చాచిన చేతులు తుప్పుపట్టినచో పైభాగమునకు ఆధారము పోవును.

ఇక సినిమా సంగతి. పాతకాలపు కథ తీయువారికి పాతకాలపు కార్లు కావలెను. 2018లో వచ్చిన ‘మహానటి’ వంటి చిత్రములలో ఆనాటి మద్రాసు వీధి నమ్మదగినట్లు కనబడవలెనన్నచో ఆనాటి బండ్లు లేక తీరదు. కెమెరా రంగును చూచును, నేలరేకును చూడదు. కనుక పైమెరుగుకొరకు మాత్రమే సింగారించిన బండి తెరమీద ఎంత అందముగానున్నను, కృత్రిమవర్షములో తడిసి, తుడువక షెడ్డుకు చేరినచో లోలోపల క్షీణించును. లప్పమును మేము పాపమనము. చదునుచేసిన రేకుమీద పలుచగా పూయుటకే అది పుట్టినది. చిల్లిని పూడ్చి పైన రంగు వేసి, ‘బాగుచేసితిమి’ అని అమ్ముటయే దోషము. లప్పము తడి పీల్చును. క్రింద తుప్పు నిశ్చింతగా పెరుగును. దీనిని పట్టుటకు గుడ్డచుట్టిన చిన్న అయస్కాంతము చాలును. రేకుమీద అంటుకొని, లప్పము దళసరిగానున్నచోట జారిపోవును.

పేరు ఒకమారు పోయినచో ఏమగునో ఇటలీవారి లాంచియా సంస్థ కథ చెప్పును. 1972లో వెలువడిన బీటా అను కారుకు ఇంజను మోయు చట్రము అతుకుచోట తుప్పు పట్టెను. 1980లో బ్రిటనులో సంస్థయే అట్టి బండ్లను తిరిగి కొనవలసివచ్చెను. పత్రికలు గగ్గోలు పెట్టినవి. రష్యా ఉక్కు వాడినందున ఇట్లయినదని ఒక వదంతియు పుట్టినది. తరువాతి బండ్లను మెరుగుపరచినను జనము నమ్మలేదు. 1994లో లాంచియా బ్రిటిషు విపణిని విడిచిపోయినది.

మన దేశములో ఈ విషయము ఇప్పుడు చట్టమువరకు వచ్చినది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలప్రకారము, తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటిన కారును వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. కొత్త నమోదునకు 20,000 రూపాయలు రుసుము. గడువు 10 ఏండ్లు. నంబరులో ‘వీఏ’ అను అక్షరములుండును. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతునకు బండి తీయవచ్చును గాని దినదినము ఆఫీసునకు పోరాదు. అన్నిటికంటె ముఖ్యమైన షరతు, బండి తన మూలరూపములో నుండవలెననుట. చాసిస్, శరీరము, ఇంజనులలో గణనీయమైన మార్పు ఉండరాదు.

ఇక్కడనే యజమానులకు సంకటము. చివికిన దూలమును కోసి కొత్తది వేయుట మార్పా, మరమ్మతా? మా అభిప్రాయములో, పూర్వపు ఆకృతిలోనే మడచిన రేకును పూర్వపుచోటనే వెల్డింగు చేయుట మరమ్మతే. నిర్ణయము మాత్రము తనిఖీ అధికారులది. కనుక దాచుటకంటె చూపుటయే క్షేమము. మెరయు లోహము కనబడువరకు కోయించి, కోయకమునుపును, కోసిన పిమ్మటను, రేకు వేసిన తరువాతను ఛాయాచిత్రములు తీయించి బిల్లులతో భద్రపరచవలెను. వెల్డింగు వేడికి లోపలి ప్రైమరు కాలిపోవును గనుక, మూతపడిన గదులలో మైనము కలిపిన నూనెను పిచికారీ చేయింపవలెను. వానకాలములో ప్లాస్టిక్ కవరు కప్పిన బండి కప్పనిదానికంటె త్వరగా చెడును. తడి లోపలనే ఉక్కబోయును. తలుపుల అడుగున నీరు పోవుటకు వేసిన రంధ్రములు దుమ్ముతో పూడినచో పుల్లతో తీసిన చాలును.

1974కు పూర్వపు ఫియట్లు, హెరాల్డులు ఇప్పటికే 50 ఏండ్లు దాటినవి. 1983 డిసెంబరులో తొలిసారి రోడ్డెక్కిన మారుతి 800కు ఆ అర్హత 2033 చివర గాని రాదు. దాని యజమానులు ఇప్పటినుండియే కాళ్లక్రింది తివాచీ ఎత్తి చూచుకొనుచుండుట మంచిది.