మున్సిపాలిటీ నోటీసులో తేదీ ముందు ఎందుకు చూడాలి?

ఈ ఎపిసోడ్ మున్సిపాలిటీ గురించి. "అబ్బా, ఇది నాన్నగారి సబ్జెక్ట్" అని స్వైప్ చేసెయ్యకండి, ఒక్క నిమిషం ఆగండి.

పొద్దున్నే చెత్త బండి వస్తుంది కదా, మైకులో ఏదో చెప్తూ ఉంటుంది. ఫలానా తేదీలోపు ఇంటి పన్ను కడితే రాయితీ అనో, పైపులైన్ రిపేరు వల్ల రేపు నీళ్లు రావనో. మన చెవుల్లో ఇయర్‌బడ్స్ ఉంటాయి కాబట్టి మనకి వినపడదు. అమ్మకి వినపడుతుంది కానీ స్టవ్ మీద పాలు పొంగుతుంటాయి. తర్వాత ఒకరోజు గుమ్మంలో ఒక కాగితం ఇచ్చి పోతారు. అది టీవీ పక్కన పెడతారు. నెల తర్వాత "ఒరేయ్, ఇదేంటో నీ ఫోన్‌లో చూడరా" అంటారు. అప్పుడు ఆ పని మన నెత్తిన పడుతుంది. అందుకే ఈ వీడియో మీకోసమే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మున్సిపాలిటీ నుంచి ఏ కాగితం వచ్చినా మన కళ్లు ముందు రూపాయల గడి మీదకి పోతాయి. ముందు చూడాల్సింది తేదీ. ఎందుకంటే ఇక్కడ దాదాపు ప్రతి పనికీ రోజుల లెక్క ఉంటుంది. ఆ రోజుల్లోపు వెళ్తే కౌంటర్‌లో అయిపోయే పని. దాటితే అదే పనికి పై ఆఫీసులు, ఫీజులు, మళ్లీ మళ్లీ తిరగడాలు.

అన్నిటికంటే క్లియర్‌గా ఇది కనిపించేది బర్త్ సర్టిఫికెట్‌లో. మీ అక్కకో, వదినకో బాబు పుట్టాడనుకోండి. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దాని ప్రకారం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పుడితే ఆ సమాచారం పంపే బాధ్యత ఆసుపత్రిదే, ఇంట్లో పుడితే ఇంటి పెద్దది. 21 దాటి 30 రోజుల్లోపు అయితే కొంచెం లేట్ ఫీజు, అంతే. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది కూడా దాటిపోయిందా, ఇక కలెక్టర్ లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ స్థాయిలో ఆర్డర్ తెచ్చుకోవాలి. అదే బాబు, అదే పుట్టినరోజు. మారింది మనం వెళ్లిన రోజు మాత్రమే.

"మా టెన్త్ మెమో ఉందిగా, దాంతో పని జరుగుతుంది" అని పెద్దవాళ్లు అంటారు. వాళ్ల కాలానికి అది కరెక్టే. కానీ ఈ చట్టాన్ని 2023లో సవరించారు. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజున గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. స్కూల్లో చేర్చడానికి, రేపు డ్రైవింగ్ లైసెన్స్‌కి, ఓటర్ లిస్టుకి, పెళ్లి రిజిస్ట్రేషన్‌కి, ప్రభుత్వ ఉద్యోగానికి అదే చూపించాలి. పాస్‌పోర్ట్ నిబంధనలు కూడా 2025 ఫిబ్రవరిలో దీనికి తగ్గట్టు మార్చారు. అంటే ఇప్పుడు ఊయలలో ఉన్న పిల్లలకి ఈ కాగితం విలువ మనకున్నంత కాదు, చాలా ఎక్కువ.

ఇక్కడ మన తెలుగు ఇళ్లలో రెండు చిక్కులు వస్తాయి. ఒకటి పుట్టిల్లు. మొదటి కాన్పు పుట్టింట్లో అంటాం కదా. అమ్మాయి అత్తారిల్లు సూర్యాపేట, పుట్టిల్లు తెనాలి అనుకుందాం. కాన్పు తెనాలి ఆసుపత్రిలో అయింది. మూడో నెలలో బిడ్డని తీసుకుని సూర్యాపేట వచ్చారు. ఇప్పుడు సూర్యాపేట మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి సర్టిఫికెట్ అడిగితే రికార్డే ఉండదు. ఎందుకంటే నమోదు జరిగేది బిడ్డ పుట్టిన చోట, మీరు ఉండే చోట కాదు. మరణానికి కూడా ఇదే రూల్. తాతయ్యది చిన్న ఊరే కావచ్చు, చివరి రోజుల్లో హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ ఏమైనా జరిగితే, డెత్ సర్టిఫికెట్ అక్కడి కార్పొరేషన్ నుంచే రావాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తరు. పదకొండో రోజు, పన్నెండో రోజు అయ్యాక గానీ గుర్తు రాదు. ఇన్సూరెన్స్, బ్యాంక్ అకౌంట్, నానమ్మకి ఫ్యామిలీ పెన్షన్, అన్నీ ఆ ఒక్క కాగితం దగ్గరే ఆగుతాయి. కాబట్టి ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే వివరాలు పంపారా, పేర్లు ఎలా రాశారు అని ఒక్కసారి అడగండి. ఆ పని మనలాంటి వాళ్లు చెయ్యొచ్చు, పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టనవసరం లేదు.

రెండో చిక్కు పేరు. మనకి బారసాల ఏ పదకొండో రోజో, ఇరవై ఒకటో రోజో చేస్తాం. కొందరు మూడో నెలలో చేస్తారు. ఆసుపత్రి వాళ్లు అప్పటిదాకా ఆగరు. పేరు గడి ఖాళీగా, "బేబీ ఆఫ్" అని తల్లి పేరుతో పంపేస్తారు. అది తప్పేం కాదు. పేరు లేకుండా కూడా నమోదు చెల్లుతుంది. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే ఫీజు లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా లేట్ ఫీజుతో చేర్చొచ్చు. అయితే దయచేసి ఆ 15 ఏళ్ల మాట విని రిలాక్స్ అవ్వకండి. మూడేళ్లకి స్కూల్ వాళ్లు అడుగుతారు. అప్పుడు హడావుడిగా చేయిస్తే ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఇంకో చోట ఒక్క అక్షరంగా పడుతుంది. ఆధార్‌లో ఒకలా, సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే దాని తలనొప్పి ఏంటో పాస్‌పోర్ట్ కోసం తిరిగినవాళ్లని అడగండి. తల్లిదండ్రుల ఆధార్‌లో స్పెల్లింగ్ ఎలా ఉందో అలాగే, అక్షరం అక్షరం చూసి రాయించండి.

సరే, ఇంటి పన్నుకి వద్దాం. కామెంట్స్‌లో ఎక్కువ వచ్చే ప్రశ్న ఇదే, "అన్నా, మా ఇంటికి నోటీసు వచ్చింది, ఏం చెయ్యాలి?" అని. ముందు అది ఏ నోటీసు? పన్ను కాగితాల్లో ముఖ్యంగా రెండు రకాలు ఉంటాయి. డిమాండ్ నోటీసు అంటే, ఆల్రెడీ ఖరారైన పన్ను, ఇంత బాకీ ఉంది, కట్టండి అని. స్పెషల్ నోటీసు వేరే. కొత్త ఇల్లు కట్టినా, పైన అంతస్తు వేసినా, పన్ను మార్చినా, "మీ ఇంటికి ఇంత అని లెక్క వేశాం" అని చెప్పేది అది. అభ్యంతరం చెప్పుకునే అవకాశం దీనికి ఉంటుంది. ఎన్ని రోజుల్లోపు రివిజన్ పిటిషన్ పెట్టుకోవాలో ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. ఆ రోజులు లెక్కపెట్టేది మీకు నోటీసు అందిన రోజు నుంచి. అందుకే తీసుకున్న తేదీ దాని మీదే పెన్నుతో రాసి, ఫొటో తీసి పెట్టుకోండి. చాలా ఇళ్లలో ఈ స్పెషల్ నోటీసుని బిల్లు అనుకుని పక్కన పడేస్తారు. గడువు అయిపోయాక డిమాండ్ వస్తే అప్పుడు గొడవ పడతారు. అప్పటికి ఆ లెక్క ఖరారైపోయి ఉంటుంది.

అభ్యంతరం అంటే "పన్ను ఎక్కువ వేశారండీ" అని ఏడవడం కాదు. లెక్కలో తప్పు చూపించాలి. నోటీసులో మీ ఇంటి విస్తీర్ణం ఎంత రాశారు? టేపు పెట్టి కొలవండి. స్లాబా, రేకులా, పెంకుటిల్లా? నివాసమా, వాణిజ్యమా? ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి పన్నుని ఇంటి మూలధన విలువ మీద వేస్తున్నారు. అంతకుముందు అద్దె విలువ మీద ఉండేది. ఇప్పుడు నివాస ఇళ్లకి విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా, నివాసం కానివాటికి 0.20 నుంచి 2 శాతం దాకా వెయ్యొచ్చు. తేడా చూశారా? ముందు గదికి షట్టర్ ఉంది, ఎప్పుడో మామయ్య కిరాణా కొట్టు నడిపాడు, మూసేసి నాలుగేళ్లయింది. కాగితంలో ఇంకా కమర్షియల్ అనే ఉంటే ఊరికే ఎక్కువ కడుతున్నట్టు. అది మార్పించుకోవడం మీ హక్కు. అలాగే పాత పన్ను మీద పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. సొంతదారు ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం వచ్చాక లెక్క కొంచెం వేరు, ఓనరే సెల్ఫ్ అసెస్‌మెంట్ ఇవ్వాలి. అక్కడ 75 గజాల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలు.

కట్టే తేదీల మాటేంటి? ఏప్రిల్ 30 లోపు మొత్తం ఏడాది పన్ను కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తారు, రెండు రాష్ట్రాల్లోనూ. ఆంధ్రాలో మొదటి అర్ధ సంవత్సరానిది జూన్ ఆఖరులోపు, రెండోది డిసెంబర్ ఆఖరులోపు. దాటితే నెలకి 2 శాతం వడ్డీ. 2 శాతమే కదా అనిపిస్తుంది. 3,000 బాకీ మీద నెలకి 60, ఏడాదికి 720. బ్యాంకులో దాచుకుంటే మనకి అందులో మూడో వంతు కూడా రాదు. కొన్ని సంవత్సరాలు మార్చి నెలలో ప్రభుత్వం వడ్డీ మాఫీ ప్రకటిస్తుంది, నిజమే. దాని కోసం కూర్చుంటే, సక్రమంగా కట్టినవాడు పిచ్చోడా అని నాకైతే అనిపిస్తుంది. అది వేరే గొడవ.

అన్నట్టు, పన్ను రసీదు మీ పేరు మీద ఉన్నంత మాత్రాన ఇల్లు మీదైపోదు. అది పన్ను కట్టినట్టు రుజువు అంతే. ఓనర్‌షిప్‌కి దస్తావేజులే కావాలి. రసీదు చూపించి స్థలం అమ్మేవాళ్లు ఉంటారు, జాగ్రత్త.

ఇప్పుడు మన పేరు లేని నోటీసులు. వార్డుల విభజన, మాస్టర్ ప్లాన్, రోడ్డు వెడల్పు, ఇలాంటివాటికి ఇంటింటికీ కాగితం రాదు. ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటిస్తారు, పేపర్‌లో జిల్లా ఎడిషన్‌లో చిన్న అక్షరాలతో వేస్తారు. సినిమా పేజీ తిప్పేటప్పుడు దాటేసేది అదే. అందులో ఒక్క పదం వెతకండి, "ముసాయిదా". ముసాయిదా అంటే ఇంకా ఫైనల్ కాలేదు, ఫలానా తేదీలోపు అభ్యంతరాలు, సలహాలు చెప్పొచ్చు అని. మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో మీ ఖాళీ స్థలం మీదుగా 60 అడుగుల రోడ్డు గీత పోయిందనుకోండి. ముసాయిదా దశలో అర్జీ పెడితే దాన్ని రికార్డులోకి తీసుకోవాలి. ఫైనల్ అయిపోయాక, మీరు ఇంటి పర్మిషన్‌కి వెళ్లినప్పుడు, "ఇక్కడ రోడ్డు ఉందండి, ప్లాన్ ఇవ్వలేం" అంటారు. కుర్రాళ్లు నలుగురు కలిసి వీధి వాట్సాప్ గ్రూప్‌లో ఆ పేపర్ కటింగ్ ఫొటో పెడితే చాలు. పొద్దున్న గుడ్ మార్నింగ్ పువ్వులు పంపే అంకుల్స్ కూడా అప్పుడు సీరియస్‌గా చదువుతారు.

అర్జీ ఏదైనా రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకి, రెండోదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి. నోటితో "చూస్తాంలే బాబూ" అంటే అది లెక్కలోకి రాదు. ఆంధ్రాలో అయితే ముందు మీ వార్డు సచివాలయంలో అడగండి, చాలా పనులు అక్కడే మొదలవుతాయి. ఎన్నాళ్లకీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్నే ప్రజావాణి అంటారు. అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద, "ఫలానా తేదీన ఇచ్చిన నా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు" అని ఒక్క ముక్క అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఈసారి గడువు వాళ్లకి. (నవ్వు)

ఫోన్‌లో చేసేవాళ్లకి ఒక మాట. ఆంధ్రాలో 2025 జనవరి నుంచి "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు ఇస్తున్నారు. బాగానే ఉంది. కానీ వాట్సాప్ అంటే మోసగాళ్లకి కూడా అలవాటైన చోటే. "మీ ఇంటి పన్ను బాకీ ఉంది, ఈ ఫైల్ ఓపెన్ చెయ్యండి" అని ఏపీకే ఫైల్ వస్తే ముట్టుకోకండి. మున్సిపాలిటీ బిల్లు కట్టడానికి మీ ఫోన్‌లో తెలియని యాప్ ఇన్‌స్టాల్ చెయ్యాల్సిన అవసరం లేదు. బర్త్ సర్టిఫికెట్ ఇస్తామని అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే కనిపించే నకిలీ సైట్లు కూడా పట్టుబడ్డాయి. అడ్రస్ చివర డాట్ జీవోవీ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. సర్టిఫికెట్ మీద ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా చూడండి. నకిలీ కాగితం డబ్బు పోవడంతో ఆగదు, దాన్ని స్కూల్లో, పాస్‌పోర్ట్ ఆఫీసులో ఇచ్చింది మీరే అవుతారు.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కొత్త కుళాయి కనెక్షన్ గురించి చెప్పుకుందాం. టీవీ పక్కన ఉన్న ఆ కాగితం ఒకసారి తీసి చూడండి. డౌట్ ఉంటే కామెంట్‌లో అడగండి, కానీ నోటీసు ఫొటో యథాతథంగా పెట్టకండి. డోర్ నంబర్, అసెస్‌మెంట్ నంబర్, ఫోన్ నంబర్ మీద వేలు అడ్డం పెట్టి తీయండి.