సాంచా ముందు కెమెరా: డిజైన్ విద్యార్థులకు ఛాయాగ్రహణ ప్రాథమికాంశాలు (సిరిసిల్ల – వీర్నపల్లి వస్త్రాల నేపథ్యం)

కీలక పదాలు: ఎక్స్‌పోజర్, అపెర్చర్, షటర్ వేగం, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్, మరమగ్గం, లంబాడీ కుట్టుపని.

ఉపోద్ఘాతం

వస్త్ర రూపకల్పన చదివే విద్యార్థికి ఛాయాచిత్రం అలంకారం కాదు, ఆధారం. క్షేత్ర పర్యటనలో చూసిన బట్ట మళ్ళీ చేతికి అందకపోవచ్చు. ఆపై దాని రంగు, నేత, కుట్టు గురించి చెప్పే ప్రతి మాటకూ ఆ చిత్రమే సాక్ష్యం. సాక్ష్యంలో దోషముంటే దానిపై నిలిపిన విశ్లేషణ కూడా నిలవదు. 2016లో ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఇందుకు రెండు చక్కని సందర్భాలు కనిపిస్తాయి. ఒకటి, సిరిసిల్ల పట్టణంలో సాంచాలుగా పిలిచే మరమగ్గాలు నడిచే షెడ్డు. రెండవది, వీర్నపల్లి మండలంలోని తండాలలో పెద్ద వయసు స్త్రీల ఒంటిమీద ఇంకా కనిపించే అద్దాల కుట్టుపని. మొదటిచోట సమస్య వేగం, రెండవచోట వెలుగు.

మూడు అమరికలు – ఒకే లెక్క

కెమెరాలోకి చేరే కాంతిని రెండు అమరికలు నిర్ణయిస్తాయి. కటకంలోని రంధ్రం ఎంత తెరుచుకోవాలో అపెర్చర్ చెబుతుంది. ఎంతసేపు తెరిచి ఉండాలో షటర్ వేగం చెబుతుంది. చేరిన కాంతికి సెన్సర్ ఇచ్చే స్పందనను ఎంత పెంచాలన్నది ఐఎస్ఓ. ఎఫ్/2.8, 4, 5.6, 8, 11 అనే వరుసలో ఒక్కో మెట్టుకు కాంతి సగమవుతుంది. సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుందన్న విషయమే కొత్త విద్యార్థులను ఎక్కువగా తికమకపెడుతుంది. ఎఫ్/8 వద్ద 1/125 సెకను, ఎఫ్/4 వద్ద 1/500 సెకను ఒకే కాంతిని ఇస్తాయి. అయితే చిత్రాలు ఒకటి కావు: మొదటిదానిలో ముందు వెనుకల వస్తువులు ఎక్కువ లోతు వరకు స్పష్టంగా ఉంటాయి, రెండవదానిలో కదలిక ఆగుతుంది. ఏది కావాలన్నది కెమెరా నిర్ణయించలేదు.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకలపై చిత్రాలు తీశాడు. ఆ పలకల గ్రహణశక్తి తక్కువ గనుక, నేడు ఐఎస్ఓ మీట తిప్పి సాధించేదానిని నాడు మనుషులను కదలకుండా నిలబెట్టి సాధించవలసి వచ్చేది. సాంచాను అలా నిలబెట్టలేము.

నాడె వేగం

పడుగు దారాల మధ్యనుంచి పేకను తీసుకుపోయే నాడె సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో పోతుందనుకుందాం. 1/50 సెకనులో అది 20 సెంటీమీటర్లు జరుగుతుంది. చిత్రంలో అది వస్తువుగా కాక గీతగా మిగులుతుంది. 1/800 సెకనులో జరిగేది 1.25 సెంటీమీటర్లు మాత్రమే. కాని షెడ్డులో వెలుతురు తక్కువ. ఎఫ్/2.8, 1/50, ఐఎస్ఓ 800తో సరిపోయే చోట షటర్‌ను 1/800కు మార్చితే నాలుగు మెట్ల కాంతి పోతుంది. దానిని పూడ్చడానికి ఐఎస్ఓను 12,800కు పెంచాలి. అప్పుడు చిత్రంలో గరుకు చేరి, సన్న దారం కనిపించకుండా పోవచ్చు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మన విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్ కావడంవల్ల పాతరకం చోక్ ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియని ఈ మినుకు వేగవంతమైన షటర్‌కు అడ్డపట్టీలుగా దొరుకుతుంది. 1/50, 1/100 వేగాలకు ఈ దోషం సోకదు. అందువల్ల ఒకే చిత్రంతో అన్నీ చెప్పాలనుకోవడం పొరపాటు. యంత్ర నిర్మాణానికి సాంచా ఆగినప్పుడు స్టాండుపై నిదానంగా ఒకటి, గమనానికి పగటి వెలుతురు పడే కిటికీ పక్క మగ్గం వద్ద వేగంగా మరొకటి తీయడం మేలు. గీతగా మారిన నాడె కూడా కొన్నిసార్లు పనికొచ్చే సమాచారమే; అది ప్రయాణించే దారిని చూపుతుంది.

తెలుపు, నలుపు, అద్దం

కెమెరాలోని కాంతిమాపకం ఎదుటి దృశ్యాన్ని మధ్యస్థ బూడిదరంగుగా భావించి లెక్కకడుతుంది. ఫలితంగా తెల్లని నూలుబట్ట మాసినట్టు, నల్లని గొంగడి వెలిసినట్టు వస్తాయి. తెలుపుకు ఎక్స్‌పోజర్‌ను ఒకటి, ఒకటిన్నర మెట్లు పెంచాలి, నలుపుకు తగ్గించాలి. బుద్ధికి ఇది తలకిందులుగా తోస్తుంది గాని, ఒకసారి చేసి చూస్తే సందేహం తీరుతుంది.

లంబాడీ స్త్రీల ఫేటియా, కాంచళిలపై అద్దాల విషయం వేరు. ఎండలో ఒక్కొక్క అద్దం ఒక్కొక్క చిన్న సూర్యుడు. అక్కడ తెల్లబారిన భాగంలో చుట్టూ ఉన్న కుట్టు వివరం తరువాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. ఫ్లాష్ వాడితే పరిస్థితి మరింత చెడుతుంది. ఇంటి చూరు నీడలో, ఆకాశపు మెత్తని వెలుగులో, హిస్టోగ్రామ్ కుడి అంచును తాకకుండా చూసుకొని తీస్తే అద్దమూ, దారమూ రెండూ దక్కుతాయి. అయితే చూరు నీడలో నీలిచాయ చేరుతుంది. పగటి వెలుగు దాదాపు 5,500 కెల్విన్లు, నీడ అంతకన్నా ఎక్కువ, ఇంటి పాత బల్బు సుమారు 2,700. ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్ ఎర్రని ఫేటియా ఫ్రేమును నింపినప్పుడు సులభంగా మోసపోతుంది. బట్ట పక్కన బూడిదరంగు కార్డు, కొలబద్ద ఉంచి ఒక చిత్రం రా ఫైలుగా తీస్తే ఆ ఎరుపు ఏ ఎరుపో పిదప నిర్ధారించవచ్చు. ఫోన్లు రంగులను తమంతట తామే పెంచుతాయి కనుక రంగు నమోదుకు వాటిని మాత్రమే నమ్మడం సమంజసం కాదు.

నేత నమోదు

నేతను చూపడానికి ఎదురుకాంతి కన్నా పక్కనుంచి ఏటవాలుగా పడే కాంతి మేలైనది. ప్రతి దారానికీ చిన్న నీడ ఏర్పడి అల్లిక తెలుస్తుంది. కెమెరా బట్టకు సమాంతరంగా, ఎఫ్/8, ఐఎస్ఓ 100 వద్ద ఉండాలి. ఎఫ్/22 వరకు పోతే వివర్తనం వల్ల స్పష్టత తగ్గుతుంది. సన్నని నేతపై లేని అలలు కనిపిస్తే అది బట్ట గుణం కాదు. దారాల వరుస సెన్సర్ గడులతో కలిసినప్పుడు పుట్టే భ్రమ అది. దూరమో కోణమో కొద్దిగా మార్చితే పోతుంది. దీనిని గమనించని విద్యార్థి లేని నమూనాను వర్ణించే ప్రమాదముంది.

కట్టుకున్న వస్త్రాన్ని తీసేటప్పుడు, చిత్రం ఎందుకో, ఎక్కడ అచ్చవుతుందో ఆమెకు తెలిసిన భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. వద్దంటే, ఆమె అంగీకరిస్తే, దండెంపై వేసిన ఫేటియాతో పని జరుగుతుంది. కుట్టు వివరానికి నిజానికి అదే మేలు, బట్ట కదలదు.