కోత పడిన సొమ్ము తిరిగొస్తుంది!

కృష్ణానగర్‌లో అద్దెగది... రోజూ జూబ్లీహిల్స్‌, ఫిల్మ్‌నగర్‌ ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు. చిన్న వేషాల నటుడి బతుకిది. ఏడాదిలో ఒక్క నిర్మాణసంస్థ ఇచ్చేది 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్‌ కింద కోసేస్తారు. పాన్‌ ఇవ్వకపోతే 20 శాతం!

'పన్ను పోయిందిగా, ఇక రిటర్ను ఎందుకు' అనుకుంటే నష్టం తనకే. కోత పడిన పారితోషికం 4 లక్షలైతే పోయింది 40 వేలు. 2025-26 సంవత్సరానికి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు. రిటర్ను వేస్తే కోసినదంతా వెనక్కొస్తుంది.

ముందు 26ఏఎస్‌ చూసుకోవాలి. ఏ సంస్థ ఎంత జమచేసిందో అందులో తెలుస్తుంది. డబ్బింగ్‌కి చేతికిచ్చిన నగదూ ఆదాయమే, అదీ చూపాలి.

40 వేలంటే మాటలా... ఆ గదికి కొన్ని నెలల అద్దె!