కాలేజీ చదువుకు పైసలు ఎన్ని కావాలె?



మన హాస్టల్లో ఉన్నన్ని రోజులు ఖర్చు ఎంతో మనకు తెలవదు. అన్నం, బట్టలు, పుస్తకాలు సర్కారే ఇస్తున్నది. 2024 నవంబర్‌లో పెంచిన రేట్ల ప్రకారం 8 నుంచి 10 తరగతుల పిల్లలకు నెలకు 1,540 రూపాయల మెస్ చార్జీలు. ఆడపిల్లల సబ్బు, నూనెలకు ఇంకో 275. పది నెలలకు లెక్క కడితే 18,150 రూపాయలు! క్లాసులో చెప్తే ఎవరూ నమ్మలేదు. కాలేజీకి పోయినాక ఇదంతా ఎవరు పెట్టుకోవాలె? ఈ సంగతి ఇప్పుడే ఆలోచించాలి.

"ఫీజు సర్కారే కడతది గదా" అని ఇంట్ల అంటరు. నిజమే, మనకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉన్నది. ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టాలి. ప్రతి ఏడాది రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి. కానీ ఆ పైసలు ఆలస్యంగా వస్తయి. మా ఊరి అక్క ఒకామె డిగ్రీ పాసైంది. స్కాలర్‌షిప్ రాలేదు, ఫీజు కట్టి మెమోలు తీస్కపో అన్నరు కాలేజీ వాళ్లు. మెమోలు లేక ఆమె ఏడాది ఊరికే ఇంట్ల ఉన్నది. అందుకే చేరే ముందే "స్కాలర్‌షిప్ లేటైతే ఏం చేస్తరు?" అని అడగాలి. అడిగితే తప్పు లేదు.

డిగ్రీల చేరే నెలల అయ్యే ఖర్చు నేను అంచనా వేసిన. డోస్ట్ రిజిస్ట్రేషన్‌కు 200. జిరాక్సులు, ఫోటోలకు 300. మీసేవల సర్టిఫికెట్లకు 200. పుస్తకాలకు 1,500. పెట్టె, బకెట్, దుప్పటి, ప్లేటు 1,500. రెండు జతల బట్టలు 1,000. మొత్తం 4,700 రూపాయలు. బస్సు కిరాయి రాయలేదు, ఎందుకంటే 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఇదంతా సర్కారు కాలేజీ హాస్టల్లో సీటు దొరికితేనే. అక్కడ మెస్ చార్జీలు నెలకు 2,100 సర్కారే ఇస్తది. సీటు దొరక్కపోతే రూము కిరాయి, తిండి మనమే పెట్టుకోవాలి, అప్పుడు ఈ లెక్క పనికిరాదు.

అసలు కష్టం ఏమిటంటే, కాలేజీల చేరేది జూన్, జూలైలో. అప్పుడే బాపుకు పత్తి గింజలకు, ఎరువులకు పైసలు కావాలె. పత్తి అమ్మేది దసరా దాటినంక. మధ్యల సేటు దగ్గర అప్పు తెస్తరు. దానికన్నా వేసవిల ఇప్పపువ్వు, తునికాకు పైసల నుంచి ఏటా కొంచెం పక్కకు పెడితే నయం. ఏటా 1,200 పెడితే నాలుగేండ్లకు 4,800. మనం తొమ్మిదిలో ఉన్నం, డిగ్రీకి ఇంకా నాలుగు వేసవులు ఉన్నయి.

ఫీజు లేకుండా చదివే చోట్లు కూడా ఉన్నయి. గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీల్లో తిండి, వసతి ఉచితం. ఐ.ఐ.టి.లో ఏడాదికి రెండు లక్షల ట్యూషన్ ఫీజు ఎస్.టి. పిల్లలకు మాఫీ. హాస్టల్, మెస్ మాత్రం వేరే. ఎనిమిదిలో రాసే ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్షలో పాసైతే నెలకు 1,000 రూపాయలు వస్తయి గాని మన లాంటి రెసిడెన్షియల్ బడుల వాళ్లకు లేదు. ఊర్ల జిల్లా పరిషత్ బడికి పోయే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు చెప్పండి.

ఇప్పుడే చేయవల్సిన పని ఒకటి ఉన్నది. ఆధార్‌లో పేరు, బడి రిజిస్టర్‌లో పేరు అక్షరం అక్షరం ఒకటే ఉండాలె. ఇంటిపేరు, పుట్టిన తేదీ కూడా. మన క్లాసుల చాలామందికి ఇంటిపేరు రెండు తీర్ల ఉన్నది. పదో తరగతి మెమోల అట్లనే అచ్చయితే తర్వాత స్కాలర్‌షిప్ ఆగుతది. ఆధార్‌కు నడిచే ఫోన్ నంబర్ ఉండాలె. కుల సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోవచ్చు. ఆదాయం సర్టిఫికెట్ మాత్రం చేరేటప్పుడు కొత్తది తీయాలి.

వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు పేర్ల లిస్టు ఈ గోడ మీద వారం రోజులు అంటించగలరు. ఎవరి పేరు వాళ్లు చూసుకుంటరు.