వాపు చెప్పే కబురు

మొన్న సంక్రాంతి సెలవులకు మా వూరు కాకుమాను వెళ్ళాను. మినపచేల గట్లమీద తిరిగివచ్చిన మా మేనల్లుడి కాలివేలికి తుమ్మముల్లు గుచ్చుకుంది. తెల్లవారేసరికి వేలు ఎర్రబడి, వేడెక్కి, వాచింది. వాడి ఏడుపుకు ఇల్లు దద్దరిల్లింది. ఇంటిల్లిపాదీ వాడి చుట్టూ చేరాం.

"నా కాలికీ ఏదో గీసుకుందిరా అబ్బాయీ. నొప్పీ లేదు, వాపూ లేదులే" అంది మా అమ్మ వంటింట్లోంచి. ఆమెకు చాలా ఏళ్ళుగా మధుమేహం.

"వాపు లేదు గదా, భయం లేదు" అన్నాను నేను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అంతకు మించి ఆలోచించలేదు.

వాపును చూసి బలుపనుకోవద్దని మన సామెత. వాపు లేదని ధైర్యపడటం కూడా అంత పొరపాటేనని తరువాత తెలిసింది.

ముల్లు సంగతి మొదట పట్టించుకున్న శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్. 1882లో ఇటలీలోని మెస్సీనా పట్టణంలో, అద్దంలా పారదర్శకంగా వుండే నక్షత్రచేప పిల్లలకు ఆయన గులాబీముళ్ళు గుచ్చాడు. మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగివున్నాయి! ఆ కణాల పరిశోధనకే 1908లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం దక్కింది.

మరి ఆ కణాలకు కబురు చెప్పిందెవరు? మన చర్మం కింద కాపలా కణాలు వుంటాయి. క్రిములు చొరబడగానే అవి కొన్ని రసాయనాలను వదులుతాయి. వీటిలో ముఖ్యమైన వాటిని కీమోకైన్లంటారు. మన శరీరంలో ఇవి సుమారు 50 రకాలు. గాయం దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా వుంటాయి. బెల్లం ఎక్కడుందో చీమలు వాసనపట్టి వెళ్ళినట్లు, తెల్లకణాలు పలచననుంచి చిక్కదనం వైపు పాకుతాయి. నెత్తుటిలో కొట్టుకుపోయే కణం, గాయం దగ్గరి రక్తనాళపు గోడను పట్టుకుని దొర్లుతుంది. కీమోకైను తగలగానే ఆగుతుంది. గోడ సందులోంచి దూరి బయటపడుతుంది. అదే సమయంలో నాళాలు వెడల్పై ఎరుపూ వేడీ వస్తాయి. నీరు వూరి వాపు వస్తుంది. చీములో ఎక్కువ భాగం, పోరాడి చచ్చిన తెల్లకణాలే.

మందులకు సైతం ఈ సైన్యం తోడు కావాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన అమెరికాలో, 1947లో, బోదకాలు వ్యాధికి డైఇథైల్‌కార్బమజైన్ అనే మందు వెలువడింది. గాజునాళికలో ఆ మందు నెత్తుటిలోని పిల్లపురుగులను పెద్దగా ఏమీ చేయలేదు. ఒంట్లో మాత్రం రక్షక కణాల సాయంతో వాటిని మట్టుపెడుతుంది.

ఇక మా అమ్మ మాట. చక్కెర అదుపు తప్పి ఏళ్ళు గడిస్తే పాదాల నరాలు మొద్దుబారుతాయి, నొప్పి తెలియదు. నెత్తురు సరిగా పారదు. తెల్లకణాలకు కబురు అందినా చురుగ్గా కదలలేవు. అందుకే కొందరిలో పుండు లోతుకు పోతున్నా పైకి పెద్ద గుర్తులు కనిపించవు. మేనల్లుడి ముల్లు తీసి, కడిగి, టెటనస్ సూది వేయిస్తే నాలుగు రోజుల్లో పరుగెత్తాడు. అమ్మను పది రోజులకు గుంటూరు తీసుకుపోయాం. చిటికెనవేలు తీసేయక తప్పలేదు.

"ఆ రోజే చూపించి వుంటే?" అని అడిగాను.

"వేలు దక్కేదేమో" అన్నారు డాక్టరుగారు.

ఏడ్చిన వాడి చుట్టూ పదిమంది చేరాం. ఏడవని కాలిని ఎవరం చూడలేదు. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక దీపం దగ్గరకు జరిగి, అమ్మ పాదాలు రెండూ, వేళ్ళ సందులతో సహా, నేనే చూస్తాను. మీ ఇంట్లోనూ మధుమేహం వున్న పెద్దలుంటే, వాపు కబురు చెప్పేదాకా ఆగకండి. మీరే వెళ్ళి చూడండి.