కుండీలో జెముడు: పట్టణమున వేడుక, పల్లెలో జాగ్రత్త

హైదరాబాదు నగర మధ్యమున అమీరుపేట, పంజాగుట్ట అను రెండు పేటలు గలవు. చదువు కొరకును, కంప్యూటరు శిక్షణ కొరకును, ఉద్యోగముల కొరకును మన గ్రామములనుండి నగరమునకు పోవు యువజనులలో అమీరుపేట నెరుగనివారు అరుదు. 2017 నవంబరులో నగరమున మెట్రో రైలు నడక ప్రారంభమైనది. దాని రెండు మార్గములు కలియు స్టేషను అమీరుపేటలోనే యున్నది. ఇట్టి రద్దీ పేటలలో మనుష్యులు పెరిగిరి కాని నేల పెరుగలేదు. పెరటిలో జామచెట్టు నాటుటకు గాని, పందిరికి బీరపాదు నెక్కించుటకు గాని చోటు లేదు. అయినను పచ్చని మొక్కను చూడవలెనను కోరిక మనిషిని విడువదు. అందుచేత కొందరు గృహస్థులు మూరెడు బాల్కనీలలోను, మిద్దెలమీదను, కిటికీ అంచులందును కాక్టసులను, దళసరి ఆకుల మొక్కలను చిన్న కుండీలలో పెంచుచున్నారు.

సెలవులకు ఇంటికి వచ్చు కుమారుడో కుమార్తెయో అట్టి కుండీ నొకదానిని పల్లెకు తెచ్చుట కద్దు. కావున ఈ మొక్కల స్వభావమేమి, వానిని పెంచుట యెట్లు, పంచాయతీ సభ్యులు గమనింపవలసిన దేమి అను విషయములను ఇచట వివరింపదలచితిమి.

జెముడన్న దెల్ల కాక్టసు కాదు

కాక్టసు జాతులు దాదాపు అన్నియు అమెరికా ఖండమున పుట్టినవి. మన నాగజెముడు అచటినుండి వచ్చినదే. ఇటీవల మన రైతులు కొందరు స్తంభములకు ప్రాకించి పండించుచున్న డ్రాగన్ పండు తీగయు కాక్టసే. మన పొలముల గట్లమీద పెరుగు ఆకుజెముడు, బొంతజెముడు మాత్రము ఈ దేశపు మొక్కలు. వాని కుటుంబము వేరు. కాక్టసు ముండ్లు నూగుతో గూడిన చిన్న దిండువంటి చుక్కనుండి గుత్తిగా పుట్టును. మన జెముళ్లకు అట్టి దిండు లేదు; గాటు పెట్టిన తెల్లని పాలు కారును. ఈ పాలు కంట పడినచో తీవ్రమైన మంట కలుగును, చూపునకు హాని కలుగవచ్చును. వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునకు చూపవలెను.

రణపాల, కలబంద ఆకులలో నీరు దాచుకొను మొక్కలు. గుట్టలమీద పెరుగు కుందేటికొమ్ములను మన గ్రామస్థు లెరుగుదురు. సామర్లకోటలో తోట నెలకొల్పి తీరప్రాంతపు మొక్కలను పరిశీలించిన రాక్సుబర్గు 1795లో ఈ జాతి మొక్కను వర్ణించి, తెలుగువారు దానిని పిలుచు పేరును గూడ వ్రాసికొనెను. ఆ తెలుగు పేరునుండియే 'కారల్లుమా' అను శాస్త్రనామ మేర్పడి నేడు ప్రపంచమంతట చెల్లుచున్నది. విదేశపు ముండ్ల మొక్కకు ధర పెట్టి కొనువారు, తమ ఊరి గుట్టమీద నున్న మొక్క ఇంత ప్రసిద్ధమైనదని తెలిసికొనుట మేలు.

ఈ మొక్క లన్నిటికిని ఒక సామాన్య గుణము గలదు. పగటి యెండలో ఇవి తమ సూక్ష్మరంధ్రములను మూసికొనును. చల్లబడిన రాత్రివేళ వానిని తెరచి బొగ్గుపులుసు వాయువును లోనికి గైకొని దాచుకొని, మరునాటి వెలుగులో దానితో ఆహారము తయారుచేసికొనును. నీరు ఆవిరియై పోకుండుటకు ఇదియే ఉపాయము.

పెంచు విధానము

మొదటి సంవత్సరము మేము చేసిన తప్పును ముందుగా చెప్పెదము. అమీరుపేటలోని మా యింటికి ఒక మిత్రుడు జూను నెలలో గుండ్రని కాక్టసు నొకదానిని తెచ్చి యిచ్చెను. తులసికి పోసినట్లే దానికిని ప్రతిదినము చెంబెడు నీరు పోసితిమి. పైన వానలు గూడ కురిసెను. శ్రావణమాసము ముగియకమునుపే మొక్క మొదలు మెత్తబడి, ఒకనాడు తాకగానే ప్రక్కకు ఒరిగిపోయెను. దప్పికచే చచ్చు కాక్టసులకంటె యజమాని దయచే చచ్చునవియే ఎక్కువ అని ఆనాడు తెలిసికొంటిమి.

కుండీ అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. మట్టికుండీ శ్రేష్ఠము. నల్లరేగడి నీటిని పట్టియుంచును గనుక పనికిరాదు. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, ఇటుకముక్కలు ఒక పాలు కలిపి, కొద్దిగా బాగుగ మాగిన ఎరువు చేర్చిన చాలును. నీరు పోయుటకు ముందు సన్నని పుల్లను అడుగువరకు గుచ్చి చూడవలెను. పుల్లకు తడిమట్టి అంటినచో నీరు పోయరాదు. వేసవిలో వారమునకు ఒకమారు, చలికాలమున రెండు మూడు వారముల కొకమారు సామాన్యముగా సరిపోవును. వానకాలమున కుండీని చూరు క్రిందికి మార్చవలెను.

ఉదయపు ఎండ మంచిది. కాని మే నెల మధ్యాహ్నము సిమెంటు మిద్దెమీది వేడిమికి కాక్టసులు సైతము మాడి మచ్చలు పడును. తెల్లని దూదివలె కనిపించు పిండినల్లిని స్పిరిటులో తడిపిన దూదితో తుడిచివేయవలెను. కుండీ మార్చునపుడు మడత పెట్టిన వార్తాపత్రికతో మొక్కను చుట్టి పట్టుకొనిన చేతికి ముల్లు దిగదు. కొమ్మను కోసి కొత్త మొక్క చేయదలచినచో, దానిని నీడలో ఒక వారము ఆరనిచ్చి గాయము మానిన పిమ్మట నాటవలెను.

గడచిన చరిత్ర

వారముదినములు నేలమీద పడియుండియు వేరూను ఈ శక్తియే పల్లెలకు ప్రమాదకారణము. పట్టణపు కుండీలో వేడుకయైన మొక్క ఊరి బయలులో శత్రువు కాగలదు. ఇది ఊహ కాదు.

కొచినీలు అను పురుగునుండి ఎర్రని రంగు తీయుదురు. ఆ పురుగునకు ఆహారము నాగజెముడు. 1780 దశకము చివర మద్రాసులో డాక్టరు జేమ్సు ఆండర్సను ఈ పరిశ్రమ కొరకు సైదాపేటలో జెముడు తోట నెలకొల్పెను. 1795లో దేశమునకు వచ్చిన పురుగు నాసి రకమగుటచే రంగు వ్యాపారము ఫలింపలేదు. జెముడు మాత్రము నిలిచినది. అమెరికానుండి వచ్చిన నాగజెముడు రకములు దక్షిణదేశపు బీళ్లను, పచ్చిక బయళ్లను ఆక్రమించెను. తుదకు 1926లో సింహళమునుండి మరియొక రకపు కొచినీలు పురుగును తెచ్చి వదలగా, అది కొన్ని సంవత్సరములలోనే జెముడు పొదలను తినివేసి నేలను విడిపించెను.

ఆస్ట్రేలియాలో ఇట్లే సుమారు 6 కోట్ల ఎకరములు జెముడు పాలయ్యెను. 1925లో తెచ్చిన ఒక చిమ్మటపురుగు ఆ రైతులను కాపాడెను. కృతజ్ఞతతో బూనార్గా అను పల్లెవాసులు 1936లో కట్టుకొన్న సమావేశ మందిరమునకు ఆ పురుగు పేరే పెట్టిరి!

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఈ వేడుకను మాన్పింపవలెనని మా యుద్దేశము కాదు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము వచ్చిన పిమ్మట తెలంగాణలో గ్రామగ్రామమున నర్సరీలు వెలసినవి. అట్టిచోట్ల ఒక వరుస కుండీలలో కలబందను, రణపాలను, కుందేటికొమ్ములను పెంచి బడిపిల్లలకు పేర్లతో చూపవచ్చును. తక్కువ నీటితో బ్రతుకుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు. కాని గుట్టమీది మొక్కలను పెకలింపక, చిన్న కొమ్మను మాత్రమే కోసి తెచ్చి పెంచవలెను.

కాక్టసులను కుండీలలోనే ఉంచవలెను. కోసిన ముక్కలను చెరువు గట్టునను, వాగులోను, పోరంబోకు నేలలోను పారవేయనీయక లోతైన గుంతలో పూడ్పింపవలెను. మేతబీడులో కొత్త జెముడు ఒక్కటి కనిపించినను అది పొద కాకమునుపే వేరుతో తీయింపవలెను. పశుగ్రాసమునకై ముండ్లులేని రకములను నాటదలచువారు ముందుగా వ్యవసాయాధికారిని సంప్రదింపవలెను. బడి ఆవరణలో పాలు కారు జెముళ్లను, ముండ్ల మొక్కలను పిల్లలు ఆడుచోట నాటరాదు.

ఒక గుంత త్రవ్వుటకు ఒక పూట పని చాలును. అశ్రద్ధచేత పోయిన పచ్చికబీడును మరల సంపాదించుటకు మన పూర్వులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఈ లెక్కను గ్రామసభలో ఒకమారు వినిపింప వేడుచున్నాము.