పాల బిల్లు లాగే జీతమూ తేదీకి అందాలి

పాల బిల్లు రెండు రోజులు ఆలస్యమైతే సంఘం దగ్గర ఎంత గొడవ జరుగుతుందో మనందరికీ తెలుసు. అది న్యాయమైన గొడవే. దాణాకూ, ఇంటి ఖర్చుకూ ఆ డబ్బే ఆధారం. మరి తెల్లవారకముందే వచ్చి తలుపు తీసి, పాలు కొలిచి, వెన్న శాతం చూసి, క్యాన్లు వ్యాను ఎక్కించే వారి జీతం మాటేమిటి? రెండు మూడు నెలల జీతం బాకీ పడినా "లాభం వచ్చాక చూద్దాం" అని సరిపెట్టే పాలకవర్గాలు లేకపోలేదు.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. మన పాల ధర టెస్టరు చేతిలో ఉన్నది. జీతం అందని మనిషి నమూనా పాలు ఎక్కువ తీసి అమ్ముకున్నా, ఒకరి వెన్న శాతం తగ్గించి రాసినా నష్టపోయేది సభ్యుడే. తప్పు చేసినవారిని మనం వెనకేసుకు రావడం లేదు. తప్పుకు చోటివ్వకుండా చూసుకోవాలంటున్నాము.

వేతనాల కోడ్, 2019 అనే కేంద్ర చట్టం 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో వచ్చినది ఇదే. మన సంఘం 1964 నాటి సహకార చట్టం కింద రిజిస్టరైనా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైనా, పనిచేసేది ఇద్దరే అయినా దీనికి లోబడవలసిందే. కనుక ఈ అయిదు విషయాలు గమనించాలి.

మొదటిది, నియామకం. "పనిలో ఉండు, తర్వాత చూద్దాం" అనే మాట పనికిరాదు. పాలకవర్గం తీర్మానం చేసి, జీతం, పనివేళలు, సెలవులు, బాధ్యతలు రాసిన నియామక పత్రం ఇవ్వాలి. రేపు తగాదా వస్తే ఇరువురికీ అదే ఆధారం.

రెండవది, జీతం మొత్తం. రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గరాదు. అందులోని కరువు భత్యం సాధారణంగా ఏడాదికి రెండుసార్లు మారుతుంది కాబట్టి జీతాన్నీ సరిచూసుకోవాలి. లీటరుకింత కమీషను అనుకున్నచోట, వేసవిలో పాలు తగ్గినప్పుడు ఆ మొత్తం మరీ పడిపోకుండా చూడాలి. ఒకే పనికి ఆడవారికి ఒక జీతం, మగవారికి ఒక జీతం ఇవ్వడం చట్టవిరుద్ధం.

మూడవది, తేదీ. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు చెల్లించాలి. మానేసినా, తొలగించినా రెండు పనిదినాలలో లెక్క తేల్చాలి. జీతాల రిజిస్టరు రాయాలి, వేతన చీటీ ఇవ్వాలి.

నాలుగవది, కోతలు. ఎక్కువ తగాదాలు ఇక్కడే. శీతలీకరణ కేంద్రంలో వెన్న తక్కువ వచ్చిందని ఆ నష్టం టెస్టరు జీతంలో కోయడం చాలాచోట్ల అలవాటు. కాని పాలు బాగా కలపకుండా నమూనా తీసినా, యంత్రాన్ని సరిచూడకపోయినా, వ్యాను ఆలస్యమై పాలు పులిసినా తేడా వస్తుంది. నష్టం ఆ ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే వచ్చిందని తేలాలి. కోసే ముందు అతని సంజాయిషీ వినాలి. కోత జరిగిన నష్టానికి మించరాదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటరాదు.

అయిదవది, రేపటి భద్రత. గ్రాట్యుటీ పదిమంది, భవిష్యనిధి ఇరవైమంది పనిచేసే సంస్థలకు వర్తిస్తాయి. చిన్న సంఘాలు ఈ లెక్కకు రావు. అయినా ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాసిన కార్యదర్శి వట్టి చేతులతో ఇంటికి పోవడం మన సంఘానికి గౌరవమా? సంఘమూ, ఉద్యోగులలో ఎక్కువమందీ ఒప్పుకుంటే భవిష్యనిధిలో స్వచ్ఛందంగా చేరే వీలున్నది. అది కుదరనిచోట తీర్మానం చేసి నెలనెలా కొంత మొత్తం వారి పేర బ్యాంకులో వేయవచ్చు.

సభ్యులారా, ఇది అధ్యక్షుడి పని, మనకెందుకని ఊరుకోవద్దు. వచ్చే మహాజన సభలో మూడు ప్రశ్నలు అడగండి: మన సిబ్బందికి నియామక పత్రాలున్నాయా? గత నెల జీతం ఏ తేదీన ఇచ్చారు? ఏమైనా కోత కోస్తే కారణం రాశారా? జవాబులు మినిట్సు పుస్తకంలోకి ఎక్కించండి. మనకు కొలత సరిగా ఉండాలంటే, కొలిచేవారికి జీతం సరిగా అందాలి.